పామ్ సింక్ కావట్లేదని హార్డ్ రీసెట్ చేయకు

చైతూ,

నీ మెసేజ్ ఇప్పుడే చదివాను. మీ నాన్న పామ్ టీఎక్స్‌ని, అదే ఆ పాత చేతి డిజిటల్ డైరీని, లాప్‌టాప్‌కి పెట్టి జే-పైలట్‌లో (పామ్‌తో డేటా కలిపే లినక్స్ ప్రోగ్రాం) సింక్ నొక్కితే కాసేపు ఎదురుచూసి ఎర్రర్ ఇచ్చేస్తోందనీ, లాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అదే తంతనీ రాశావు. ఉబుంటు జోలికి వెళ్ళాల్సిన పనే లేదురా. అయిందేదో అయింది. కానీ ఆఫీసులో ఎవరో హార్డ్ రీసెట్ చేసి చూడమన్నారని చివర్లో రాశావే, అది మాత్రం ససేమిరా చేయకు. పవర్ బటన్ నొక్కిపట్టి రీసెట్ చేశావంటే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మామూలు రీసెట్ వేరు, వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కేది. దానితో డేటా పోదు, సింక్ మధ్యలో బిగుసుకుపోతే అది చేసుకో.

అసలు ఇన్నేళ్ళు బీరువాలో పడున్నదానిలో డేటా మిగిలి ఉండటమే అదృష్టం. 2005లో వచ్చిన టీఎక్స్ బ్యాటరీ అయిపోయినా డేటా పోగొట్టుకోని ఫ్లాష్ మెమరీ వాడుతుంది. అంతకు ముందు ఎం505 లాంటి పామ్‌లైతే అంతా ర్యామ్‌లోనే ఉండేది, ఛార్జ్ పూర్తిగా దిగిపోతే ఇక లేనట్టే. మీ అమ్మ చెప్పింది, మరిదిగారి మెమోల్లో హిందూపురం పొలం కౌలు లెక్కలు, సర్వే నంబర్లు, పాత చుట్టాల ఫోన్ నంబర్లు ఉన్నాయని. కాబట్టి నీ పని సింక్ చేయడం కాదు, ముందు బ్యాకప్ తీయడం. ఈ రెండూ ఒకటి కావు, ఎందుకో కింద చెప్తాను. మొదలుపెట్టే ముందు నిండా ఛార్జ్ చెయ్, పాత బ్యాటరీ మధ్యలో చేతులెత్తేస్తే మొదటికొస్తుంది.

నువ్వు ఎక్కడ ఆగిపోతున్నావో నాకు తెలిసిపోయింది. పెన్‌డ్రైవ్ లాగా కేబుల్ పెట్టగానే కనిపిస్తుందనుకుంటున్నావు. పామ్ అలా కనిపించదు. కేబుల్ పెట్టినా అది మౌనంగానే ఉంటుంది, పామ్ తెర మీద హాట్‌సింక్ బొమ్మ నొక్కినప్పుడు మాత్రమే యూఎస్‌బీ మీదకి వచ్చి నేనున్నానంటుంది. అవతల నుంచి ఎవరూ పలకకపోతే కాసేపు చూసి వెళ్ళిపోతుంది, దానితోపాటే లినక్స్‌లో దాని డివైస్ ఫైల్ కూడా మాయమవుతుంది. నువ్వు ముందు జే-పైలట్‌లో సింక్ నొక్కుతున్నావు, అప్పటికి ఆ ఫైలే లేదు, అది ఎర్రర్ ఇవ్వక ఏం చేస్తుంది? వరుస మార్చు: ముందు పామ్‌లో హాట్‌సింక్, ఒకటి రెండు క్షణాలు ఆగి కంప్యూటర్‌లో సింక్. సగం మందికి ఇంతటితోనే అయిపోతుంది, నీకూ అవ్వొచ్చు.

అవ్వకపోతే సెట్టింగులు ఒక్కొక్కటీ కెలక్కు. ఒక టెర్మినల్ తెరిచి సుడోతో (అడ్మిన్ హక్కుతో) డీమెస్‌జీ కమాండ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో నడుపు, లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ చెప్పేదంతా అప్పటికప్పుడు కనిపిస్తూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని హాట్‌సింక్ నొక్కి చూడు. అన్నీ సరిగా ఉంటే కొత్త యూఎస్‌బీ డివైస్ వచ్చిందని ఒక లైను, పామ్ కంపెనీ గుర్తింపు (వెండర్) నంబర్ 0830 తో ఇంకో లైను, ఆ తర్వాత 'హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్ / పామ్ ఓఎస్' కన్వర్టర్ టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అనే రెండు పోర్టులకి తగిలిందని రెండు లైన్లు వస్తాయి. మనది పామ్ కదా, హ్యాండ్‌స్ప్రింగ్ అంటుందేమిటని టెన్షన్ పడకు. పామ్‌ని తయారుచేసినవాళ్ళే బయటికొచ్చి హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీ పెట్టి 1999లో పామ్ లాంటిదే వైజర్ తెచ్చారు, యూఎస్‌బీతో సింక్ అయ్యేవాటిలో ముందొచ్చింది అదే. లినక్స్‌లో దానికోసం గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన డ్రైవర్‌కి వైజర్ అనే పేరు పడింది, తర్వాత వచ్చిన పామ్‌లన్నీ దాని కిందే చేరాయి.

ఇక లాగ్ చూసి మాట్లాడు. హాట్‌సింక్ నొక్కినా ఒక్క లైను కూడా రాలేదంటే తప్పు లినక్స్‌ది కాదు, కేబుల్‌దో పోర్ట్‌దో. టీఎక్స్ కింద ఉండేది మామూలు మినీ యూఎస్‌బీ కాదు, పామ్ సొంత కనెక్టర్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు అచ్చం అలాగే ఉంటాయి, వాటిలో డేటా తీగలు ఉండవు. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడు, ఆదివారం ఉదయం దగ్గర్లో పాత సామాన్ల సంత కూడా ఉంటుంది. చిక్‌పేట మెట్రోలో దిగితే నడిచే దూరమే. పామ్‌ని వెంట తీసుకెళ్ళు, కనెక్టర్ పెట్టి చూడకుండా డబ్బివ్వకు. అన్నట్టు హబ్‌లు, డాకింగ్ స్టేషన్లు పక్కన పెట్టి నేరుగా లాప్‌టాప్ పోర్ట్‌కే పెట్టు. యూఎస్‌బీ 2 పోర్ట్ ఉంటే ముందు దాన్నే వాడు.

డివైస్ వచ్చిందని లాగ్ చెప్తోంది కానీ టీటీవైయూఎస్‌బీ లైన్లు రాలేదంటే వైజర్ మాడ్యూల్, అంటే ఆ డ్రైవర్, ఎక్కలేదన్నమాట, సుడోతో మోడ్‌ప్రోబ్ వైజర్ అని కొట్టి మళ్ళీ నొక్కు. ఆ లైన్లు కూడా వచ్చాయి, అయినా పర్మిషన్ లేదంటోందంటే నీ యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో లేడు, ఉబుంటులో ఆ ఫైళ్ళు ఆ గ్రూపువే. యూజర్‌మాడ్‌తో చేర్చుకుని లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వు, టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. సుడోతో నడిపి వదిలేద్దామని అనిపిస్తుంది, తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి పర్వాలేదు కానీ అలా తీసిన బ్యాకప్ ఫైళ్ళన్నీ రూట్ (అడ్మిన్) పేరు మీద పడి తర్వాత జే-పైలట్ వాటిని ముట్టుకోలేక తిప్పలు పెడుతుంది.

పర్మిషన్ సరే, లైన్లు సరే, ప్రోగ్రాం మాత్రం 'లిజనింగ్' అంటూ కూర్చుందంటే రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, రెండు పోర్టుల్లో తప్పు పోర్ట్ ఇచ్చావు. ఎక్కువ పామ్‌లకి సింక్ జరిగేది 1 మీద, 0 మీద కాదు, రెండూ ప్రయత్నించు. రెండోది, వైజర్ డ్రైవర్‌కీ లిబ్‌యూఎస్‌బీకీ మధ్య పోటీ. జే-పైలట్ వెనక పామ్‌తో మాట్లాడేది పైలట్-లింక్, దాని 0.12 నుంచి వైజర్ డ్రైవర్ అవసరం లేకుండా నేరుగా లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీతో మాట్లాడే దారి వచ్చింది, పోర్ట్ దగ్గర 'యూఎస్‌బీ' అని రాసి కోలన్ పెడితే అదే. నేనైతే ఈ దారే వాడమంటాను, పోర్ట్ నంబర్ల గొడవ ఉండదు. కాకపోతే వైజర్ మాడ్యూల్, లిబ్‌యూఎస్‌బీ ఒకే ఒరలో రెండు కత్తులు, ఒకటి పట్టుకుంటే రెండోదానికి దొరకదు. లిబ్‌యూఎస్‌బీ వాడేటట్టయితే మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో వైజర్‌ని బ్లాక్‌లిస్ట్ చేసి పెట్టు, 0830 వెండర్ నంబరున్న పరికరాన్ని వాడుకోవడానికి నీ యూజర్‌కి అనుమతిచ్చే యూడెవ్ రూల్ (పరికరాల అనుమతులు రాసే ఫైల్) ఒకటి రాయి. వైజర్ దారినే వెళ్తానంటే లిబ్‌యూఎస్‌బీ మాట మర్చిపో. రెండూ కలిపి పెట్టుకుని నెట్‌లో ఒకరు చెప్పిన సగం, ఇంకొకరు చెప్పిన సగం చేస్తే ఎప్పటికీ తెమలదు. వైజర్ దారిలో ఇంకొక అడ్డం, మోడెమ్‌లు చూసుకునే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాం కొత్త సీరియల్ పోర్ట్ వస్తే మోడెమేమో అని తడిమి చూస్తుంది, దాన్ని కాసేపు ఆపి ప్రయత్నించు.

ఇప్పుడు బ్యాకప్ సంగతి. జే-పైలట్ పక్కన పెట్టి ముందు పైలట్-లింక్‌తోనే వచ్చే పైలట్-ఎక్స్‌ఫర్ కమాండ్ వాడు. ఎల్ ఆప్షన్ ఇస్తే లోపలున్న డేటాబేస్‌ల జాబితా మాత్రమే చూపిస్తుంది, పామ్‌లో ఏదీ మార్చదు, కనెక్షన్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. జాబితా వచ్చిందా, వెంటనే మళ్ళీ హాట్‌సింక్ నొక్కి బీ ఆప్షన్‌తో ఒక ఖాళీ ఫోల్డర్ పేరిచ్చి మొత్తం తీసుకో. ఆ ఫోల్డర్‌ని ఇంకో డిస్క్ మీదకి కూడా కాపీ చెయ్. సింక్ అంటే రెండు వైపులా చూసి మార్పులు అటూ ఇటూ రాసేది, మీ నాన్న యూజర్ పేరు, ఐడీ కంప్యూటర్ దగ్గరున్నదానితో సరిపోలకపోతే జే-పైలట్ హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు చదవకుండా సరే నొక్కకు. బ్యాకప్ చేతిలో ఉన్నాకే సింక్.

అది అయ్యాక జే-పైలట్ నుంచి మెమోలు టెక్స్ట్‌గా, నంబర్లు వీకార్డ్‌గా, డేట్‌బుక్ ఐక్యాలెండర్‌గా ఎగుమతి చేసుకోవచ్చు. పామ్‌కి తెలుగు రాదు కాబట్టి మరిదిగారు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి ఉంటారు. రూపాయి లెక్కల పక్కన పిచ్చి గుర్తులు కనిపిస్తే జే-పైలట్ సెట్టింగుల్లో క్యారెక్టర్ సెట్ మార్చు. మళ్ళీ దీన్నే రోజూ వాడదామనే ఆలోచన మీ నాన్నకి ఉంటే ఒక మాట చెప్పు, ఇందులో క్యాలెండర్ 2031తో అయిపోతుంది.

ఈ శనివారం కూర్చో. మధ్యలో ఆగిపోతే హాట్‌సింక్ నొక్కిన దగ్గర్నుంచి డీమెస్‌జీలో వచ్చిన లైన్లన్నీ కాపీ చేసి పంపు, ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి కాదు, టెక్స్ట్‌గా. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ
జయనగర్