నాగార్జునసాగర్ ప్రాజెక్టు: మూడు వెబ్‌సైట్లలో మూడు వేర్వేరు సంవత్సరాలు ఎందుకు?

నాగార్జునసాగర్ డ్యాం ఎప్పుడు కట్టారని మీ పాప వెతికితే ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో సంవత్సరం వచ్చిందని అడిగారు కదా. పాపకు దొరికిన 1955, 1967, 1974 మూడూ సరైనవే. "డ్యాం ఎప్పుడు కట్టారు" అని ఒకే ప్రశ్నగా వెతకడంతో వచ్చిన చిక్కు ఇది.

1. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. క్రెస్ట్ గేట్ల (డ్యాం పైభాగంలో ఉండి వరద నీటిని వదిలే గేట్లు) పని 1974లో ముగిసింది.

2. శంకుస్థాపన, నీటి విడుదల, గేట్లు అని విడివిడిగా వెతకమనండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: వికీపీడియాలో వాక్యం చివర ఉన్న చిన్న అంకె నొక్కాలి. అది చూపించే మూలాన్ని తెరిచి, ఆ సంవత్సరం అక్కడ ఉందా, దేని గురించి ఉంది అని చదవాలి. మావాడు నొక్కితే లింకే తెరుచుకోలేదు! అలాంటప్పుడు స్కూల్ లైబ్రరీ పుస్తకంతో సరిచూడాలి.

4. సంవత్సరం పక్కనే ఎక్కడ చూసిందో రాయించండి. "గూగుల్" అని రాస్తే కుదరదు, అది వెతికిపెట్టేది మాత్రమే.