పాత పికప్, కొండబాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత పికప్ బండిని కొండదారులకు, వాగులకు తగినట్లు మార్చుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: చింతపల్లి దగ్గర మాకు కాఫీ తోట ఉంది. తారురోడ్డు దిగాక తోట వరకు ఉన్న ఎర్రమట్టి బాట వానకాలంలో బురదగా మారిపోతుంది. భీమవరంలో రొయ్యల రవాణాకు తిరిగిన 2010 నాటి మహీంద్రా స్కార్పియో గెటవే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండిని తక్కువ ధరకు కొన్నాను. ఇప్పుడున్న టైర్లు 245/75 ఆర్16. బండిని నాలుగు అంగుళాలు ఎత్తించి, పెద్ద టైర్లు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు చక్రం), స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం) పెట్టించాలని అనుకుంటున్నాను. ఎత్తు పెంచడంతోనే మొదలుపెట్టమని షెడ్డువారు చెబుతున్నారు. ఏది ముందు చేయించాలి?
(ఒక పాఠకుడు, చింతపల్లి)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఆ బండి భీమవరంలో రొయ్యలు మోసిందన్నది. ట్రేల మీద వేసిన ఐసు కరిగి, చెరువుల ఉప్పుతో కలిసి, తొట్టి సందుల్లోంచి ఏళ్ల తరబడి ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద కారుతూనే ఉంటుంది. ఛాసిస్ డబ్బాలా మూసి ఉండే భాగాల్లో ఆ నీరు, దానితోపాటు చేరిన మట్టి బయటికి పోయే దారి లేక లోపలే నిలుస్తాయి కాబట్టి తుప్పు లోపలి నుంచి తింటుంది. బయట నల్లరంగు కొట్టిన బండిని చూసి ఎవరికీ అనుమానం రాదు. అందుచేత ఒక్క రూపాయి అలంకారానికి ఖర్చు పెట్టకముందే బండిని గుంట మీదికి ఎక్కించి, చిన్న సుత్తితో ఛాసిస్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తట్టించండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అలా పలికినచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. వెనుక యాక్సిల్ మీదుగా ఛాసిస్ పైకి వంగే చోటు, కమాన్ పట్టీల హ్యాంగర్లు బిగించిన చోటు, స్టీరింగ్‌ను బిగించిన బోల్టుల చుట్టూ ఉన్న భాగం, ఈ మూడింటినీ ప్రత్యేకంగా చూడండి. క్యాబిన్‌కూ తొట్టికీ నడుమ సందు కింద ఒకలా, పైన ఒకలా ఉంటే ఛాసిస్ వంగిందని అనుమానించాలి. హ్యాంగర్ల దగ్గర లోహం పుచ్చిపోయి ఉంటే ఈ ఆలోచనను అక్కడితో ఆపి, వేరే బండి చూసుకోవడమే మేలు. అతుకులు వేసిన ఛాసిస్ తారురోడ్డు మీద కొన్నాళ్లు నెట్టుకొస్తుందేమో గాని, ఒక చక్రం గుంటలో, ఇంకొకటి బండరాయి మీద ఉండే దారిలో మెలితిరిగే బరువుకు ఆగదు.

ఛాసిస్ బాగుందని తేలితే తరువాతి వంతు బ్రేకులది. ఘాట్ రోడ్డు దిగే బండికి బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుని, వేడెక్కినప్పుడు త్వరగా మరిగి, పెడల్ మెత్తబడిపోయేలా చేస్తుంది. చాలా పికప్‌లలో వెనుక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య సన్నని కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. తొట్టిలో బరువు పెరిగి ఛాసిస్ కిందికి దిగినప్పుడు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ ఒత్తిడి ఇవ్వడం దాని పని. బండిని ఎత్తించి ఆ కడ్డీని సరిచేయకుండా వదిలితే, నిండు బరువుతో దిగుతున్నప్పుడు కూడా ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనుక బ్రేకులను తగ్గించేస్తుంది. ఎత్తు పెంచే షెడ్డుల్లో దీని మాట ఎత్తేవారు తక్కువ, మీరే అడగండి.

ఫోర్ బై ఫోర్ పనిచేస్తోందో లేదో ఆ తరువాత చూడండి. గెటవేలో దానిని డ్యాష్‌బోర్డు మీది నాబ్‌తో, మోటారు సాయంతో మారుస్తారు. రొయ్యల బండికి దాని అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు కనుక ఆ మోటారు, దాని కనెక్టర్లు పట్టేసి ఉండే అవకాశం ఎక్కువ. తడి మట్టి మీద నాబ్‌ను లో రేంజ్‌కు (తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే గేరుకు) తిప్పి, నాలుగు చక్రాలకూ శక్తి అందుతోందో లేదో ఒకరిని పక్కన నిలబెట్టి చూసుకోండి. ఎండిన తారురోడ్డు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు, ముందు వెనుక షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనుగులాడి క్రాస్ జాయింట్లు, గేర్లు దెబ్బతింటాయి.

ఇంతవరకూ అయ్యాక టైర్లు. మా దృష్టిలో బండి స్వభావాన్ని మార్చే ఖర్చు ఇదొక్కటే. 265/75 ఆర్16 వేస్తే టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్ల నుంచి 804కు పెరుగుతుంది. అయితే యాక్సిల్ కింద మీకు దక్కే ఎత్తు అందులో సగం, అంటే 15 మిల్లీమీటర్లే. దానికి బదులుగా గేర్ల బలం దాదాపు నాలుగు శాతం తగ్గుతుంది, స్పీడోమీటర్ 60 చూపినప్పుడు బండి 62 మీద పోతుంది. అందుకే ఉన్న సైజులోనే మంచి ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేయించుకుని, బాట మొదట్లో గాలి తగ్గించుకోవడం మేలని మా సలహా. మామూలుగా 32 పీఎస్ఐ ఉండే ట్యూబ్‌లెస్ టైరును 20కి దించితే నేలను తాకే భాగం పొడవుగా సాగి, బురదలో పట్టు బాగా పెరుగుతుంది. 15కి దిగువకు పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి కాబట్టి, విన్చ్ కన్నా ముందు బ్యాటరీతో నడిచే మంచి కంప్రెసర్ కొనండి. మడ్ టెరైన్ (బురద కోసమే చేసిన) టైర్లు ఎర్రమట్టిని బాగా విదిలించుకుంటాయన్నది నిజమే, కాని తడిసిన తారు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. చింతపల్లి ఘాట్‌లో వానకాలం రాకపోకలు చేసే మీకు ఆ బేరం లాభసాటి కాదు.

ఇక నాలుగు అంగుళాల ఎత్తు. మీ బండి ముందుభాగంలో టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ) ఉంటుంది. దాని బోల్టు తిప్పి పైకి లేపడం గంటలో అయిపోయే పని, షెడ్డువారికి సులువైన డబ్బు. కాని అలా లేపినప్పుడు చక్రం గుంటలోకి దిగే చలనం పోతుంది, డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు వంకర కోణంలో తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, అందులో బురద చేరిందంటే జాయింటు కొత్తది వేయవలసిందే. వెనుక కమాన్ పట్టీలు బరువు మోయడానికి చేసినవి కావడంతో ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. పట్టీలు ఊడదీసి శుభ్రం చేసి, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించితేనే చాలా తేడా కనిపిస్తుంది. అరిగి కూలబడిన స్ప్రింగులను తిరిగి కంపెనీ ఎత్తుకు తెప్పించుకోండి, అంతకు మించి వద్దు. చట్టపరమైన చిక్కు కూడా ఉంది, దానిని కింద మరో జవాబులో చూడండి.

విన్చ్ పెట్టేట్లయితే దాని లాగుడు శక్తి సామానుతో కూడిన బండి బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పూర్తి బరువు లాగేటప్పుడు 12 వోల్టుల విన్చ్ దాదాపు 400 ఆంపియర్లు తాగుతుంది కనుక పాత బ్యాటరీతో అది అలంకారమే. అంతకన్నా ముందు ఛాసిస్‌కే బోల్టులతో బిగించిన కొక్కేలు, ఎంత బరువు ఆగుతుందో ముద్ర ఉన్న షాకిల్ (తాడును కొక్కేనికి కలిపే ఇనుప కడియం), సాగే గుణమున్న తాడు ఉండాలి. ట్రైలర్ తగిలించే గుండుకు తాడు కట్టి ఎవరినీ లాగనివ్వకండి. ఆ గుండు విరిగి తూటాలా వచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి.

ప్రశ్న: మా దగ్గర పాత టూవీల్ డ్రైవ్ గూడ్స్ పికప్ ఉంది. పాత ఇనుము అంగట్లో దొరికే సామానుతో దానిని ఫోర్ బై ఫోర్ చేయవచ్చా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: వద్దండి. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె), ముందు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్లు), రెండు డ్రైవ్ షాఫ్టులు, ఛాసిస్ అడ్డకమ్మీల మార్పు, ముందు వెనుక క్రౌన్ పినియన్ల (యాక్సిల్‌లోని పళ్ల చక్రాల) నిష్పత్తి ఒక్కటిగా కుదరడం, ఇవన్నీ కలిసి బండి ధరను మించిపోతాయి. ఆ తరువాత ఆర్సీ ప్రకారం అది అక్రమ బండి అవుతుంది. ఆ డబ్బుతో ఫ్యాక్టరీ నుంచే ఫోర్ బై ఫోర్‌గా వచ్చిన టాటా జెనాన్, గెటవే, లేదా 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. కొనేముందు లో రేంజ్ పడుతోందో లేదో మట్టి మీద నడిపి చూడకుండా బయానా ఇవ్వకండి.

ప్రశ్న: మార్పులు చేసిన పికప్‌ను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఏమవుతుంది? ఏ మార్పులకు అనుమతి ఉంది?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో విభేదించే విధంగా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ గార్డు పాదచారి కాళ్లను విరగ్గొట్టడమే కాక, గుద్దుకున్న దెబ్బను బంపర్ నలిగి మింగవలసింది పోయి నేరుగా ఛాసిస్‌కు, లోపలున్న మీకు చేరవేస్తుంది కాబట్టి ఆ నిషేధంతో మాకు ఏ పేచీ లేదు.

అదే మోడల్‌లోని మరో రకానికి తయారీదారు ఇచ్చిన సైజు టైర్లు, కింద బిగించే రక్షణ పలకలు, లాగుడు కొక్కేలు, కంప్రెసర్, తొట్టిలో సామాను పెట్టెలు, ఇటువంటివి ఆర్సీ వివరాలను మార్చవు కనుక వాటితో సాధారణంగా ఇబ్బంది రాదు. రంగు మార్చితే ఆర్సీలో నమోదు చేయించాలి. ఎత్తు పెంచడం, ఇంజిన్ మార్చడం, తొట్టి కోసి వేరే రూపం ఇవ్వడం తారురోడ్డు మీద తిరిగే బండికి తగవు. చెప్పకుండా చేసిన మార్పును సాకుగా చూపి బీమా సంస్థ క్లెయిమును నిరాకరించడం జరిమానాకన్నా పెద్ద దెబ్బ. పందేల కోసమే తయారు చేసుకునేవారు బండిని లారీ మీద ఎక్కించి ప్రైవేటు స్థలానికి తీసుకువెళ్లడం అందుకే.

ప్రశ్న: నా దగ్గర 1999 నాటి టయోటా టకోమా ఉంది. 3.4 లీటర్ల వీ6, ఫోర్ బై ఫోర్, 1,80,000 మైళ్లు తిరిగింది. యూటాలోని మోయాబ్ రాళ్ల మీదికి తీసుకువెళ్లాలని 35 అంగుళాల టైర్లు వేయించాలనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?
(ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో)

జవాబు: ఒహాయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు మీ బండికి పాతికేళ్లుగా తగులుతోంది. ఆ తరం టకోమా ఛాసిస్ తుప్పుకు పేరుపడింది. 1995 నుంచి 2000 వరకు వచ్చిన బండ్లకు టయోటా 2008లో వారంటీని 15 ఏళ్లకు పెంచి, బాగా తిన్నవాటిని తిరిగి కొనుక్కుంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఇప్పుడు భారం మీదే. ఛాసిస్ రంధ్రాల్లోంచి టార్చిలైటు వేసి లోపలి గోడలను చూడండి. పొరలు పొరలుగా లేచి ఉంటే పైపైన పూత పూసి లాభం లేదు. గట్టిగా ఉన్నట్లయితే లోపల కడిగి ఆరబెట్టి, మైనం లేదా లానోలిన్ రకం నూనెను పొడవాటి గొట్టంతో లోపలికి కొట్టించండి. రబ్బరు పూత వద్దు, అది తేమను కింద బంధించి పని పాడుచేస్తుంది.

ముందు చక్రాల దిగువ బాల్ జాయింట్లను ఒరిజినల్ టయోటావే కొని మార్చండి. ఈ నమూనాలో బండి బరువు ఆ జాయింటును సాకెట్ నుంచి బయటికి లాగే విధంగా పడుతుంది, అది అరిగి ఊడితే చక్రం ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. టైమింగ్ బెల్ట్ 90,000 మైళ్లకోసారి మార్చవలసినది, అంటే మీకు రెండో విడత వంతు వచ్చేసింది. 35 అంగుళాల టైర్లకు లోహం కోయాలి, క్రౌన్ పినియన్ మార్చాలి, అయినా ముందు షాఫ్టులు, స్టీరింగ్ ర్యాక్ ఆ బరువును ఎక్కువ కాలం మోయవు. 265/75 ఆర్16 టైర్లు, ఇంజిన్ కింద మందపాటి రక్షణ పలక, వెనుక లాకర్ (వెనుక రెండు చక్రాలనూ కలిసి తిరిగేలా చేసే పరికరం) ఉంటే మోయాబ్‌లో మధ్యరకం దారులన్నీ తిరగవచ్చు. మీ బండి టీఆర్‌డీ ఆఫ్-రోడ్ రకం అయితే లాకర్ ఫ్యాక్టరీ నుంచే ఉండవచ్చు, డ్యాష్‌బోర్డు మీద దాని బటన్ ఉందేమో ముందు చూసుకోండి.

ప్రశ్న: ఉట్నూరు దగ్గర వాగు దాటించిన తరువాత నా పికప్ వెనుక హౌసింగ్ (యాక్సిల్ గేర్లుండే గుల్ల) ఆయిల్ మజ్జిగ రంగులోకి మారింది. సీల్ మార్చమంటున్నారు. మార్చితే సరిపోతుందా?
(ఒక పాఠకుడు, నిర్మల్)

జవాబు: సీల్ ఒక్కటే మారిస్తే వచ్చే వానకాలం మళ్లీ ఇదే జరుగుతుంది. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చన్నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, ఊపిరి రంధ్రం గుండా, సీళ్ల గుండా వాగు నీటిని లోపలికి పీలుస్తుంది. యాక్సిల్ పైన ఉండే ఆ రంధ్రపు మూతను తీసి, అక్కడ ఆయిల్‌కు ఆగే రబ్బరు గొట్టం తగిలించి, తొట్టి పైఅంచు దాకా తీసుకువెళ్లి కట్టించండి. ముందు యాక్సిల్‌కు, గేర్ బాక్స్‌కు, ట్రాన్స్‌ఫర్ కేసుకు కూడా అలాగే చేయించాలి. ఇప్పుడున్న ఆయిల్ పూర్తిగా దించి, కొత్తది పోసి కొద్ది దూరం నడిపి, దానిని కూడా దించేసి, మళ్లీ కొత్తగా పోసినదే ఉంచండి. చక్రాల బేరింగులను కూడా విప్పి చూడండి, గ్రీజులో నీరు చేరి ఉంటే కడిగి కొత్తగా పట్టించాలి. ఇకమీదట వాగు ఒడ్డున బండిని పది పదిహేను నిమిషాలు నిలిపి, హౌసింగ్ చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాకే నీటిలోకి దించండి.