పరవాడ ల్యాబ్‌లో చేరబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పరవాడ ఫార్మా సిటీలో నీకు ట్రైనీ కెమిస్టుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన ఇంట్లో నా తర్వాత కెమిస్ట్రీ చదివింది నువ్వే. అయితే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. మొదటి వారమంతా సేఫ్టీ ట్రైనింగేనట, ‘సంతకాలు పెట్టి వచ్చేయడమే’ అన్నావట. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కళ్లద్దాలు తీయకు. జడ ముడి వేసుకో. కాళ్లకు బూట్లే. ల్యాబ్‌లో ఏదీ తినకు. చున్నీ హాస్టల్లోనే వదిలెయ్.

నీకు ఇష్టమైన ఆ జార్జెట్ చుడీదార్లు కూడా అక్కడే వదిలెయ్. పాలిస్టర్ మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో షెహర్‌బానో సాంగ్జీ అనే అమ్మాయి టెర్ట్-బ్యూటైల్ లిథియంను సిరంజిలోకి తీస్తుంటే ప్లంజర్ ఊడిపోయింది. గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థం అది. ఒంటిమీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ ఉంది. 18 రోజుల తర్వాత ఆ పిల్ల చనిపోయింది. 23 ఏళ్లు, నీ వయసే. నాలుగు జతల నూలు బట్టలు కుట్టించి పంపుతున్నాను. రంగులు నచ్చకపోయినా వేసుకో.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో నా పక్క బెంచి కుర్రాడు మంచి పనిమంతుడు. ఎవరికీ మొదలవ్వని గ్రినార్డ్ రియాక్షన్ అతని చేతిలో మొదలయ్యేది. ఒక సాయంత్రం పనంతా ముగిశాక, ఫ్లాస్కుల అడుగున నల్లగా పట్టినదాన్ని గాఢ నైట్రిక్ ఆమ్లంతో వదిలించాడు. వాడిన ఆమ్లాన్ని, పొగలు బయటికి లాగేసే హుడ్ కింద ఉన్న రెండున్నర లీటర్ల గాజు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించాడు. సీసామీద చీటీ లేదు. అందులో అంతకుముందే ఎవరో అసిటోన్, మెథనాల్ పోసి ఉంచారు. అతను చేతులు కడుక్కుని, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నోట్‌బుక్ రాసుకుంటూ అక్కడే కూర్చున్నాడు.

పోసినప్పుడు ఏమీ కాలేదు. మోసమంతా అక్కడే ఉంది. నైట్రిక్ ఆమ్లం ఆ ద్రావణులను మెల్లగా ఆక్సీకరిస్తుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి రియాక్షన్ ఇంకా జోరందుకుంటుంది. గోధుమరంగు పొగలు, వాయువులు నిండుతుంటే బయటికి దారి లేదు. సీసా పేలింది. అతని ఎడమ కన్ను పోయింది. చీటీ అతికించనివాళ్లు ఎవరో చివరికీ తేలలేదు. చాలాకాలం మేమంతా ఒకరి ముఖం ఒకరం నేరుగా చూసుకోలేకపోయాం. అతన్ని స్టోర్స్‌కు మార్చారు. ‘ఈథర్ వాసన వస్తే ఇప్పటికీ మనసు లాగుతుందక్కా’ అనేవాడు. నాకు జవాబు దొరికేది కాదు.

రియాక్షన్ నడుస్తున్నంతసేపూ ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. నా భయమంతా పని అయిపోయిందనుకున్న తర్వాతి గంట గురించే. 2020 మే 7న మీ విశాఖలోనే, ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఉత్పత్తి ఆగిపోయిన ఫ్యాక్టరీలో, ఊరికే నిల్వ ఉన్న స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకు ట్యాంకులో దానంతటదే పాలిమరైజ్ అవుతూ, అంటే అణువులు గొలుసుల్లా అతుక్కుంటూ, వేడెక్కింది. ఆ ఆవిరికి 12 మంది ప్రాణాలు పోయాయి.

అందుకే వేస్ట్ సీసామీద ఏమేం పోశావో, తేదీ, నీ పేరు రాయి. చీటీ లేని సీసాలో చుక్క కూడా పోయకు. నైట్రిక్ ఆమ్లంలాంటి ఆక్సిడైజర్లను అసిటోన్‌లాంటి ద్రావణులతో కలపకు. సోడియం అజైడ్ వాడిన రోజు డైక్లోరోమీథేన్‌ను ఆ దరిదాపులకు రానివ్వకు. రియాక్షన్ అయ్యాక సరుకును వేరుచేసే వర్కప్‌లో ఆ రెండూ కలిసినా పేలే పదార్థం పుడుతుంది. సేఫ్టీ డేటా షీటులో 16 విభాగాలు ఉంటాయి. గ్లవ్స్, కళ్లద్దాల గురించి చెప్పే 8వ విభాగం దగ్గరే చాలామంది ఆగిపోతారు. నువ్వు 10, 13 కూడా చదువు. దేనితో కలిస్తే ప్రమాదమో, ఎలా పారబోయాలో అక్కడ ఉంటుంది.

ఇది ప్రాణం కోసమే కాదమ్మా, ఉద్యోగానికీ ఇదే బలం. రేపు ప్రాసెస్ డెవలప్‌మెంట్‌కు ఇంటర్వ్యూకు వెళ్తే రియాక్షన్ ఏ మెట్లలో నడుస్తుందో చూపే మెకానిజం అందరూ గీస్తారు. ‘దీన్ని ఎలా క్వెంచ్ చేస్తావు, అంటే చివర్లో రియాక్షన్‌ను ఎలా ఆపుతావు, ఎంత వేడి వస్తుంది’ అని అడిగితే నోళ్లు మూతపడతాయి. 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో చేతికి తెలియని వేడి వేల లీటర్ల రియాక్టర్‌లో పోగుపడుతుంది. ఘనపరిమాణం పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు కదా, చల్లార్చడం కష్టమవుతుంది. వీలు దొరికితే ఆ వేడిని కొలిచే రియాక్షన్ కాలరీమెట్రీ నేర్చుకో.

పైవాళ్లు తొందరపెడితే, ‘ఇది నాకు ఎవరైనా ఒకసారి చేసి చూపించాలి సార్’ అని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. చిన్నప్పుడు నన్ను ప్రశ్నలతో నిద్రపోనిచ్చేదానివా? ఆ నోరు అక్కడా వాడు.

చేరిన రోజు సాయంత్రం ఫోను చెయ్యి. జీతం, భోజనం కబుర్లు మీ అమ్మకు చెప్పుకో. నాకు మాత్రం నీ బెంచి నుంచి, కళ్లలో ఏదైనా పడితే కడుక్కునే ఐవాష్‌కు ఎన్ని అడుగులో, దారిలో స్టూళ్లు అడ్డున్నాయో లేదో, తిప్పితే నీళ్లు 15 నిమిషాలు ఆగకుండా వస్తాయో లేదో చూసి చెప్పు.

మీ పెద్దమ్మ