బర్సరీ డబ్బు ముందు బస్సుకూ భోజనానికీ. ల్యాప్‌టాప్ సంగతి తరువాత

ఇయర్ 12లో (అంటే పదహారేళ్ళ తరువాతి రెండేళ్ళ చదువులో మొదటి ఏడాదిలో) చేరిన మీ అబ్బాయికి స్కూలు ఈ ఏడాదికి బర్సరీ, అంటే చదువు ఖర్చులకు ఇచ్చే సాయం, మంజూరు చేసిందనీ, ఆ డబ్బుతో ల్యాప్‌టాప్ కొనవచ్చా, అవసరమైతే ఇంటి ఖర్చులకు సర్దుకోవచ్చా అనీ అడిగారు. ఇంటి ఖర్చులకు వాడకూడదు. ల్యాప్‌టాప్ విషయం మీ స్కూలు నియమాలను బట్టి ఉంటుంది. కానీ నన్నడిగితే, స్కూలు ఒప్పుకున్నా సరే, ఆ డబ్బు మొదట బస్సుకూ మధ్యాహ్న భోజనానికీ పోవాలి. ఆ ఖర్చు చేసేది కూడా మీరు కాదు, మీ అబ్బాయే అయి ఉండాలి. మేము ఇంగ్లాండులోని లెస్టర్‌లో ఉంటాము. మా వారి ఉద్యోగం పోయి, కేర్ హోమ్‌లో నేను చేసే పని మీదే ఇల్లు నడిచిన కాలంలో మా అమ్మాయి ఈ బర్సరీతోనే ఏ లెవెల్స్ (మన ఇంటర్మీడియట్ లాంటి చదువు) పూర్తిచేసింది కనుక, ఈ విషయంలో నా అభిప్రాయాలు కొంచెం గట్టిగానే ఉంటాయి.

ఇది స్కూలువారు దయతలచి ఇచ్చే డబ్బు కాదు. 16 నుంచి 19 ఏళ్ళ వయసు విద్యార్థుల కోసం ఇంగ్లాండులోని ప్రభుత్వ విద్యాశాఖ, తన నిధులతో నడిచే స్కూళ్ళకూ కాలేజీలకూ ఏటా కేటాయించే మొత్తంలోనిది. ఇందులో రెండు రకాలు. మొదటి దాని కింద, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) సంరక్షణలో పెరుగుతున్న పిల్లలకు, ఆ సంరక్షణ నుంచి బయటికి వచ్చినవారికి, తమ సొంత పేరు మీద యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే భృతి) పొందుతున్నవారికి, ఇలాంటి మరికొందరికి ఏడాదికి 1,200 పౌండ్ల దాకా ఇవ్వవచ్చు. మనబోటి కుటుంబాల పిల్లలు సాధారణంగా రెండో రకం కిందికి వస్తారు. అందులో ఆదాయ పరిమితి ఎంత, ఎంత ఇవ్వాలి, నగదుగా ఇవ్వాలా వస్తురూపంలో ఇవ్వాలా అన్నవి ఆయా స్కూళ్ళే నిర్ణయించుకుంటాయి. మా అమ్మాయికి ఏడాదికి 400 పౌండ్లు మంజూరైతే, అదే ఊళ్ళో మరో కాలేజీలో చదివే ఆమె స్నేహితురాలికి బస్ పాస్, క్యాంటీన్ కార్డు తప్ప నగదు ఒక్క పౌండు కూడా రాలేదు. కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఎవరో "మా వాడికి ఐప్యాడ్ కొనిచ్చారు" అన్నారని మీరు స్కూలుతో వాదనకు దిగితే ప్రయోజనం ఉండదు.

పూర్వం ఇలా ఉండేది కాదు. 2004 నుంచి దేశమంతటా అమలైన ఈఎంఏ (ఎడ్యుకేషన్ మెయింటెనెన్స్ అలవెన్స్) పథకంలో, తక్కువ ఆదాయం గల ఇళ్ళ పిల్లలకు వారానికి 10, 20, లేదా 30 పౌండ్లు వారి ఖాతాలోనే పడేవి. సరిగా తరగతులకు వెళితే చాలు, దేనికి ఖర్చుపెట్టావని ఎవరూ అడిగేవారు కాదు. ఇంగ్లాండులో దాన్ని ఎత్తివేసి, 2011 సెప్టెంబరు నుంచి ఈ బర్సరీ నిధిని తెచ్చారు. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఈఎంఏ ఇప్పటికీ ఉంది. వేల్స్‌లో 2023లో దాన్ని వారానికి 40 పౌండ్లకు పెంచారు కూడా. సరిహద్దుకు అటువైపు పిల్లవాడిని నమ్మి చేతికిచ్చే డబ్బును, ఇటువైపు అదే వయసు పిల్లవాడికి రసీదులు చూపిస్తే గాని ఇవ్వకపోవడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఎందుకంటారా? మా అమ్మాయి జాగ్రఫీ చదివింది. ఏ లెవెల్ జాగ్రఫీలో కనీసం నాలుగు రోజుల ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. వీళ్ళను తూర్పు యార్క్‌షైర్‌లోని హోల్డర్‌నెస్ తీరానికి తీసుకెళ్ళారు. ఎప్పటివో హిమానీనదాలు వదిలివెళ్ళిన బంకమట్టి గట్లు అవి. సముద్రం వాటిని ఏటేటా కోసుకుపోతుంది, యూరప్‌లో అంత వేగంగా తరిగిపోయే తీరాలు అరుదు. మాపుల్టన్ అనే ఊరి దగ్గర రోడ్డును కాపాడటానికి 1991లో బండరాళ్ళతో అడ్డుకట్టలు కట్టారనీ, ఆ కట్టల వల్ల దక్షిణం వైపు పొలాలు మరింత వేగంగా కోతకు గురవుతున్నాయనీ మా అమ్మాయి రోజూ అన్నం తింటూ చెప్పేది. అంత బురదలో నడవాలి కనుక, చీలమండను పట్టి ఉంచే బూట్లు, నీరు చొరబడని కోటు తెచ్చుకోవాలని స్కూలు నుంచి జాబితా వచ్చింది.

దుకాణంలో ఆ బూట్లు అరవై పౌండ్ల దాకా ఉన్నాయి. మా అమ్మాయి రెండు మూడు చోట్ల ధరలు చూసి, ఒక శనివారం మా వీధి చివర ఛారిటీ షాపులో ఎవరో ఒకటి రెండుసార్లకు మించి తొడగని జతను ఆరు పౌండ్లకు పట్టుకొచ్చింది. అడుగుభాగం కూడా అరగలేదు. ఇంట్లో అందరికీ తిప్పి తిప్పి చూపించింది. సోమవారం ఆ రసీదు పట్టుకుని స్కూలు ఫైనాన్స్ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళితే, రసీదు మీద పాదరక్షలు అని తప్ప వస్తువు పేరు లేదనీ, వాడిన సరుకుకు డబ్బు ఇవ్వడం కుదరదనీ, కావాలంటే స్కూలు ఖాతా ద్వారా కొత్త బూట్లు తెప్పించి ఇస్తామనీ చెప్పారట. నేను పనిలో మధ్యాహ్న విరామంలో ఉండగా ఫోన్ చేసింది.

"అమ్మా, ఆరు పౌండ్లు ఇవ్వరట, అరవై ఇస్తారట. ఏం చెప్పమంటావు?"

మర్నాడు డ్యూటీ మార్చుకుని నేనే వెళ్ళాను. కిటికీ వెనక ఉన్న ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది తానేననీ, ఛారిటీ షాపు రసీదులు మొదలుపెడితే అంతు ఉండదనీ మర్యాదగానే అంది. మీ బర్సరీ పాలసీ కాగితం ఒకసారి చూపించమని అడిగాను. కాస్త వెతికి, రెండు పేజీలు ప్రింటు తీసి ఇచ్చింది. అందులో రసీదు ఉండాలని ఉంది. వస్తువు కొత్తదై ఉండాలని ఎక్కడా లేదు. నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ చదివి, మళ్ళీ చదివి, సిక్స్త్ ఫామ్ (ఇయర్ 12, 13 తరగతుల) హెడ్‌ను అడిగి చెబుతానంది. కోటు మాత్రం ఏ పిల్లకైనా ఇంట్లో ఉండవలసిన బట్టేనంటూ అక్కడికక్కడే కొట్టిపారేసింది. చివరికి మా అమ్మాయి ట్యూటర్ డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అనే పథకం కింద పిల్లలు చేసే సాహసయాత్రల సామాను పెట్టే అల్మరాలోంచి ఒక కోటు తీసి అరువిచ్చారు. ఆ ఆరు పౌండ్లు ఖాతాలో పడేసరికి పిల్లలు యార్క్‌షైర్ వెళ్ళి రావడం, బూట్ల మీది బురద ఎండి రాలిపోవడం కూడా అయిపోయాయి.

ధరలు వాకబు చేసి, అవసరానికి తగిన వస్తువును పదోవంతు ధరకు తెచ్చుకున్న పదిహేడేళ్ళ పిల్లను నమ్మకుండా, పది రెట్లు ఖర్చుపెట్టే దారిని మాత్రమే తెరిచి ఉంచే పద్ధతిని ఎవరు తయారుచేశారో గానీ, వాళ్ళు ఎన్నడూ నెలాఖరున సరుకుల చీటీ రాసి ఉండరు. పిల్లల చేతికి డబ్బిస్తే దుబారా చేస్తారన్నది పెద్దల అపోహ మాత్రమే. లేమిలో పెరిగిన పిల్లలు పెద్దలకంటే జాగ్రత్తగా ఖర్చుచేస్తారు. మా ఇంటికి వచ్చిపోయే పిల్లలందరిలోనూ నేను చూసింది అదే. ఏలూరులో ఉన్న మా వదిన ఈ గొడవంతా విని, అక్కడ అమ్మ ఒడి కింద ఏడాదికి 15,000 రూపాయలని తల్లి ఖాతాలో వేసినప్పుడు తననెవరూ రసీదు అడగలేదని నవ్వింది. అందులో ఇంటర్మీడియట్ పిల్లలు కూడా ఉండేవారు. తల్లి చేతికి ఇవ్వడం కూడా నాకు సగమే నచ్చుతుంది గానీ, ఆఫీసు కిటికీ కంటే అది నయం.

"ముందు కొనుక్కోండి, రసీదు చూపించండి, తరువాత ఇస్తాము" అన్న నియమం మీ స్కూలులో ఉంటే దాన్ని మొదటి వారంలోనే ప్రశ్నించండి. చేతిలో డబ్బు ఉన్నవాళ్ళయితే బర్సరీకి దరఖాస్తే పెట్టరు కదా. ముందుగా వోచరు ఇవ్వడమో, స్కూలే కొనిపెట్టడమో చేయమని అడగవచ్చు. మా స్కూలు పాఠ్యపుస్తకాల విషయంలో ఆ పనే చేసింది. హాజరు తగ్గితే చెల్లింపు ఆపే షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. అందువల్ల జ్వరం వచ్చినా, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉన్నా ఆ రోజే స్కూలుకు తెలియజేసి, సెలవు సకారణమని నమోదయ్యేలా చూసుకోవాలి.

ఇక బస్సు సంగతి. ఇంగ్లాండులో పిల్లలు 18 ఏళ్ళు వచ్చేదాకా ఏదో ఒక రూపంలో చదువులోనో శిక్షణలోనో ఉండాలని చట్టం చేశారు; 2015 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. కానీ 16 ఏళ్ళ తరువాత ఉచిత రవాణా కల్పించవలసిన బాధ్యత, 16 లోపు పిల్లల విషయంలో ఉన్నట్లు, కౌన్సిళ్ళకు లేదు. చదువు మానకూడదు, అక్కడికి వెళ్ళే ఖర్చు మాత్రం మీదే అన్నమాట! లండన్‌లో ఉన్నవారికి 16+ జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సులు, ట్రాములు ఉచితం కనుక వారికి ఈ బాధ తెలియదు. మాకు మంజూరైన 400లో సగానికి పైగా బస్ పాస్‌కే పోయింది. మీ అబ్బాయి రైల్లో వెళ్ళవలసి వస్తే, ఛార్జీ సగానికి తగ్గించే 16-17 సేవర్ కార్డు తీసుకున్నాకే బర్సరీలోంచి ఎంత కావాలో లెక్కవేసుకోండి. మీ కౌన్సిల్ 16 దాటినవారి రవాణా విధానాన్ని ఏటా ప్రకటిస్తుంది. అది కూడా ఒకసారి చదవండి.

భోజనం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఉచిత భోజనానికి అర్హత ఉంటే దానికి విడిగా దరఖాస్తు పెట్టండి, అప్పుడు బర్సరీ సొమ్ము దాని మీద ఖర్చు కాదు. అర్హత లేకపోతే మాత్రం ఇంటి నుంచి పులిహోర డబ్బా పంపుతున్నాము కదా అని ఊరుకోకండి. ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి సాయంత్రం అయిదింటికి వచ్చే ఎదిగే పిల్లవాడికి అది చాలదు. పైగా స్నేహితులంతా క్యాంటీన్‌లో ఉంటే వీళ్ళు డబ్బా తెరవరు, ఆకలితోనే లెక్కలు చేస్తారు.

ల్యాప్‌టాప్ విషయానికి వస్తే, చాలా స్కూళ్ళు దాన్ని కొనిపెట్టే బదులు చదువు పూర్తయ్యేదాకా అరువుగా ఇస్తాయి. అలా ఇస్తామంటే కళ్ళకద్దుకుని తీసుకోండి, బర్సరీ సొమ్మును ముట్టుకోకండి. లెక్కల కోసం నూరు పౌండ్లు దాటే గ్రాఫిక్ క్యాల్కులేటర్ కొనాలని పిల్లలు పట్టుబడతారు. మ్యాథ్స్ ఏ లెవెల్‌కు కావలసిన గణాంక పట్టికల పనంతా క్యాసియో 991 రకం మామూలు సైంటిఫిక్ క్యాల్కులేటర్ చేసిపెడుతుంది. పుస్తకాలు, తప్పనిసరి ఫీల్డ్ ట్రిప్పులు, ఆర్ట్ సామగ్రి, సిక్స్త్ ఫామ్‌లో సూటు వేసుకోవాలన్న నియమం ఉంటే ఆ సూటు, యూనివర్సిటీ ఓపెన్ డేలకు ప్రయాణం, ఇవన్నీ స్కూళ్ళు సాధారణంగా ఒప్పుకునే ఖర్చులే. డ్రైవింగ్ పాఠాలు, ఫోన్ బిల్లు, జిమ్, చదువుతో సంబంధం లేని విహారయాత్రలు ఒప్పుకోరు. ఉచిత భోజనం పొందుతున్న పిల్లలకు 2025 ప్రవేశాల నుంచి యూకాస్ (యూనివర్సిటీ ప్రవేశాల సంస్థ) దరఖాస్తు రుసుము ఎలాగూ మాఫీ అయింది కనుక దానికోసం డబ్బు దాచిపెట్టవలసిన పని లేదు.

మీ ప్రశ్నలో చివరి మాట నన్ను కొంచెం నొప్పించింది: మనవాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారో అన్నారు. గంటకు నలభై పౌండ్లిచ్చి ట్యూషన్ పెట్టించడం గొప్పగా చెప్పుకునే మన సంఘంలో, బర్సరీ ఫారం నింపడం మాత్రం తలవంపులనుకునేవారు చాలామంది ఉన్నారు. జీతంలో కోసిన పన్ను కట్టేటప్పుడు లేని సిగ్గు, ఆ పన్నులోంచి బిడ్డకు రావలసింది తీసుకునేటప్పుడు ఎందుకు? మీరు యూనివర్సల్ క్రెడిట్ లాంటి బెనిఫిట్స్ తీసుకుంటున్నట్లయితే, పిల్లవాడికి వచ్చే బర్సరీ వల్ల అవి తగ్గవు. ఇది అప్పు కాదు కనుక తిరిగి కట్టనక్కరలేదు.

ఈ వారంలోనే మీ అబ్బాయిని వెళ్ళి బర్సరీ పాలసీ కాగితం కాపీ అడిగి తెచ్చుకోమనండి, మీరు వెళ్ళవద్దు. అందులో నగదు చెల్లింపు అన్న మాట ఉంటే, అతని పేరిట సొంత బ్యాంకు ఖాతా తెరిపించి ఆ వివరాలు ఇప్పించండి. ఏడాది మధ్యలో మీ ఇంటి ఆదాయం తగ్గితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు కనుక, పీ60 (ఏడాది జీతం, పన్ను చూపుతూ యజమాని ఇచ్చే పత్రం), జీతం చీటీలు, యూనివర్సల్ క్రెడిట్ ఉంటే దాని నెలవారీ స్టేట్‌మెంట్లు ఒక ఫైలులో పెట్టి ఉంచండి. స్కూలు కాదన్నది మీకు అన్యాయమనిపిస్తే దానికి ఫిర్యాదు పద్ధతి ఉంటుంది; ఉత్తరం రాసేటప్పుడు పాలసీలోని వాక్యాన్నే ఎత్తిరాయండి, మీ కష్టాల గురించి రాయకండి.