రిలే పడకుండానే మోటారు కాలిపోతుంటే

ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే పడి, అంటే ట్రిప్పయి, దాన్ని ఆపేది) సెట్టింగే తప్పయి ఉంటుంది. మండపేటలోని మీ మిల్లులో 20 హెచ్‌పీ మోటారు ఈ దాళ్వాలో (రబీలో) రెండోసారి కాలింది, రిలే డయల్ 28 ఆంపియర్ల మీద ఉన్నా ఒక్కసారీ పడలేదు అని మీరు అన్నారు. మీది స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారు వైండింగ్‌ను ముందు స్టార్‌లో కలిపి, వేగం అందుకున్నాక డెల్టాకు మార్చేది). చిక్కంతా అక్కడే.

1. మెయిన్ ఆపి, రిలే ఎక్కడుందో చూడండి. మెయిన్ కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి, తెంచే స్విచ్) కింద, మోటారుకు వెళ్లే వైర్ల మీద ఉంటే డెల్టాలో దాని గుండా లైను కరెంటులో 0.58 వంతే పోతుంది.
నేమ్‌ప్లేట్ మీద 28 ఆంపియర్లుంటే 28 × 0.58, అంటే సుమారు 16. డయల్ అక్కడ పెట్టాలి.
28 మీద ఉంచితే లైనులో 48 లాగుతున్నా రిలే కదలదు. వైండింగ్ మాడి వార్నిష్ వాసన వచ్చేదాకా మనకు తెలియదు. రివైండింగ్ చేసి ఇచ్చేవాళ్లు కూడా ఇది చూడరు.
రిలే ఇన్‌కమింగ్ లైనులోనే ఉంటే మాత్రం 28 సరైనదే.

2. లోడు మీద టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజుల కరెంటూ కొలవండి. తేడా ఉంటే ముందు ఫ్యూజులు, జాయింట్లు చూడండి.

3. మళ్లీ మెయిన్ ఆపి, మోటారు ఫ్యాన్ కవర్ విప్పి, అట్టకట్టిన తవుడు దుమ్ము గీకేయండి.

16 దగ్గర రిలే పడుతుంటే దయచేసి డయల్ పెంచకండి. బేరింగ్, బెల్టు బిగుతు చూడండి.