ఒకే బొమ్మ, రెండు కొట్ల పేర్లు: నకిలీ కానక్కర్లేదు

కొట్లవాళ్లు ప్రచారానికి పంచిన మీ రెండు పాత అమెరికా కార్డుల మీదా గులాబీల అమ్మాయి ఒక్కతే, ఒకదానిపై సబ్బుల కొట్టు పేరు, ఇంకోదానిపై చెప్పుల కొట్టు పేరు. ఏది నకిలీ అని కదండీ అడిగారు? రెండూ అసలువే కావచ్చు. 1880ల్లో ముద్రాపకులు ఒకే బొమ్మను రాతి అచ్చుతో రంగుల్లో బోలెడు కొట్టి, ఖాళీ జాగాలో అడిగిన కొట్టు పేరు వేసిచ్చేవారు. మన కిరాణా కొట్ల క్యాలెండర్లో లక్ష్మీదేవి బొమ్మలాగే.

భూతద్దం పెట్టి చూడండి. రంగు చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటే పాత రాతి అచ్చు. గళ్లు గీసినట్టు వరుసగా ఉంటే తర్వాతి నకలు. ఇక, ఒకే బొమ్మ ఎన్నో కొట్లకు వాడేవారు కాబట్టి ఆ అమ్మాయి ఎవరో వెతకడం దండగ. లిడియా పింకమ్ అనే ఆవిడ తన పేరుతో అమ్మిన మందు కార్డుల సంగతి వేరు, వాటి మీద ఆ పెద్దావిడ ముఖం నిజమైనదే. ఆడవాళ్ల జబ్బులకంటూ అమ్మిన ఆ మందులో దాదాపు 18 శాతం ఆల్కహాలే లెండి!