టికెట్టు కంటే ముందు కుక్క కాగితాలు

వీసా ముద్ర పడి ప్రయాణానికి ఆరు వారాలు మిగిలి ఉన్నప్పుడు చాలామంది నాకు ఫోను చేస్తుంటారు. పెట్టెల తూకం, పచ్చళ్ల సీసాల మూతలు, పిల్లల బడి సర్టిఫికెట్లు అన్నీ అడిగాక, చివరలో కొంచెం మొహమాటపడుతూ "అన్నా, మా కుక్కను కూడా వెంట తెచ్చుకోవచ్చా?" అంటారు. డాలస్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న నేను ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు చెబుతాను. తప్పకుండా తెచ్చుకోవచ్చు, కానీ ఆరు వారాల్లో మాత్రం కుదరదు. మన ప్రయాణం టికెట్టుతో మొదలవుతుంది, కుక్క ప్రయాణం మాత్రం దాని ఒంట్లో గుర్తింపు చిప్ పెట్టిన రోజున, టీకా వేసిన రోజున, రక్తం తీసిన రోజున మొదలవుతుంది. ఆ మూడు తేదీలు కుదిరిన తరువాతే మీరు టికెట్టు కొనాలి.

అమెరికాలో కుక్కల మధ్య వ్యాపించే రేబీస్ రకం పూర్తిగా పోయిందని 2007లో ప్రకటించారు. పోయిన జబ్బు బయటి నుండి వచ్చిన కుక్కతో మళ్లీ అడుగుపెట్టకూడదన్నది ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పట్టుదల. అందుకే 2024 ఆగస్టు 1 నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఏ దేశం నుండి వచ్చే కుక్కకైనా కనీసం ఆరు నెలల వయసు ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, చూడటానికి ఆరోగ్యంగా ఉండాలి, సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫామ్ నింపిన రసీదు యజమాని చేతిలో ఉండాలి. ఈ ఫామ్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగానే నింపుకోవచ్చు కనుక, దానికి డబ్బు అడిగేవారి జోలికి పోకండి. భారతదేశం రేబీస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, మన దగ్గర టీకా వేయించుకున్న కుక్కకు వీటితో పాటు మరికొన్ని షరతులు వర్తిస్తాయి. కొత్తగా వచ్చేవారు తడబడేది వాటి దగ్గరే.

మొదటిది వరుస. ముందు చిప్, తరువాతే టీకా. చిప్ లేని కుక్కకు వేసిన టీకా ఫలానా కుక్కకే వేశారని రుజువు చేసే దారి లేదు కనుక ఆ టీకాను వారు లెక్కలోకి తీసుకోరు. మా చెల్లెలి కుటుంబం 2025లో విజయవాడ నుండి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఒక్క పొరపాటుతో ఎంత నష్టపోయారో దగ్గరుండి చూశాను. వారి కుక్క చిట్టికి జనవరిలో రేబీస్ టీకా వేయించారు, మార్చిలో చిప్ పెట్టించారు. వైద్యశాలవారు "అన్నీ అయిపోయాయండీ, ఇక బయలుదేరవచ్చు" అన్నారట. చెల్లెలు టీకా కార్డు ఫొటో తీసి నాకు పంపితే, రెండు తేదీలను పక్కపక్కన చూసి నాకు గుండె జారిపోయింది. మే నెల రెండో వారానికి నలుగురికీ టికెట్లు కొనేసి ఉన్నారు. చిప్ ఉన్న కుక్కకు టీకా మళ్లీ వేయించి, అక్కడి నుండి రోజులు మళ్లీ లెక్కపెట్టుకోవలసి వచ్చింది. చెల్లెలు, పిల్లలు అనుకున్న రోజునే వచ్చేశారు. ఆమె భర్త ఉద్యోగంలో చేరే తేదీని బతిమాలి వెనక్కి జరుపుకొని, చిట్టితో పాటు జూన్ నెలాఖరు దాకా విజయవాడలోనే ఉండిపోయారు.

ఆ రోజుల లెక్కను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కుక్కకు 12 వారాలు నిండాక వేసిన టీకానే చెల్లుతుంది. మొదటి టీకా వేసిన 30 రోజులకు గాని రక్తం తీయకూడదు. ఆ రక్తంలో రేబీస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, లేదా అంతకు మించి ఉన్నాయని సీడీసీ ఆమోదించిన ప్రయోగశాల తేల్చాలి. దీన్నే టైటర్ పరీక్ష అంటారు. రక్తం తీసిన రోజుకూ, కుక్క అమెరికాలో దిగే రోజుకూ మధ్య 28 రోజులు గడవాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా టీకా నుండి విమానం దాకా దాదాపు రెండు నెలలు పడుతుంది. నమూనా ప్రయోగశాలకు చేరి ఫలితం రావడానికి పట్టే వారాలు కూడా చూసుకుంటే, ఆరు నెలల ముందు మొదలుపెట్టినవారే నిశ్చింతగా ఉంటారు. టైటర్ లేకుండా వచ్చిన కుక్కను 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చంతా మీదే.

టీకా వేయించే రోజున మరో చిన్న జాగ్రత్త తీసుకోండి. సీసా మీద ఉండే స్టిక్కరును కార్డులో అతికించమని వైద్యుణ్ణి అడగండి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ మీ వైద్యుడు సీడీసీ టీకా ధ్రువపత్రంలో నింపవలసి ఉంటుంది. వట్టి సంతకం, తేదీ ఉన్న కార్డు పట్టుకుని నాలుగు నెలల తరువాత ఆ బ్యాచ్ నంబరు కోసం వైద్యశాల చుట్టూ తిరిగినవారు నాకు తెలుసు. చిప్ కూడా 15 అంకెల ఐఎస్ఓ ప్రమాణం కలిగినదే కావాలి. పెట్టించిన వెంటనే స్కానరుతో చదివించి, కార్డు మీది అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.

మీ వైద్యుడు నింపిన ధ్రువపత్రంపై ప్రభుత్వ పశువైద్యాధికారి ఆమోద ముద్ర ఉండాలి. మన దేశంలో ఆ పని చేసేది కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రం, దాన్నే అందరూ ఏక్యూసీఎస్ అంటారు. ఇవి ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో ఉన్నాయి. కాబట్టి విశాఖ, విజయవాడ, తిరుపతి వైపు వారు హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లక తప్పదు. ప్రయాణానికి ముందు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది కూడా వారే. కుక్కను, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను, టీకా కార్డును, పాస్‌పోర్టు, టికెట్టు నకళ్లను వెంట తీసుకెళ్లాలి. శని ఆదివారాలు, పండుగ సెలవులు చూసుకోకుండా ప్రయాణం తేదీ పెట్టుకుంటే ఇక్కడ చిక్కుపడతారు.

ఇక అన్నిటికంటే ఎక్కువ మందిని ఆశ్చర్యపరిచే సంగతి దిగే ఊరు. భారతదేశంలో టీకా వేయించిన కుక్క అమెరికాలో ఎక్కడ పడితే అక్కడ దిగడానికి వీలులేదు. సీడీసీ దగ్గర నమోదైన సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి, ఆ కేంద్రంలో ముందుగా చోటు బుక్ చేసుకుని ఉండాలి. నిబంధనలు వచ్చిన నాటి నుండి ఆ జాబితాలో కనిపించినవి న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లస్, ఫిలడెల్ఫియా, అట్లాంటా, మయామి, లాస్ ఏంజెలెస్. ఈ జాబితాను మన తెలుగువారు స్థిరపడిన ఊళ్లతో పోల్చి చూడండి. డాలస్ లేదు, హ్యూస్టన్ లేదు, శాన్ ఫ్రాన్సిస్కో లేదు, సియాటిల్ లేదు, షికాగో లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవారికి పక్కనే ఉన్న నెవార్క్ కూడా లేదు. డల్లస్‌ను డాలస్ అనుకుని సంబరపడినవారు కూడా ఉన్నారు, రెండింటి మధ్య రెండు వేల కిలోమీటర్ల దూరం ఉంది. టికెట్టు కొనే రోజున ఈ జాబితాను సీడీసీ వెబ్‌సైటులో మరోసారి చూసుకోండి.

చిట్టి అట్లాంటాలో దిగింది. నేను డాలస్ నుండి పన్నెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. కేంద్రంలో పశువైద్యుడు చిప్‌ను చదివి, కాగితాలన్నీ సరిచూసి, అమెరికాలో లైసెన్సు ఉన్న రేబీస్ టీకా మళ్లీ వేశాకే దాన్ని మా చేతికి ఇచ్చారు. ఇది అందరికీ వర్తించే నియమమే కనుక, మా కుక్కకు టీకా వేసే ఉందండీ అని వాదించి ప్రయోజనం లేదు.

విమానంలో కుక్క ఎక్కడ కూర్చోవాలన్నది దాని బరువును బట్టి, విమానసంస్థను బట్టి ఉంటుంది. లుఫ్తాన్సా వంటి కొన్ని యూరప్ సంస్థలు సంచితో కలిపి 8 కిలోల లోపు ఉన్న కుక్కను, పిల్లిని సీటు కింద పెట్టుకోనిస్తాయి. మన వాళ్లు ఎక్కువగా ఎక్కే ఎమిరేట్స్‌లో సేవాశునకాలను, అంటే అంధులకు, వికలాంగులకు సాయపడేలా శిక్షణ పొందిన కుక్కలను, మినహాయిస్తే కుక్కలకు, పిల్లులకు క్యాబిన్‌లో చోటు లేదు, కొన్ని మార్గాల్లో డేగకు మాత్రం ఉంది. గల్ఫ్‌లో డేగకున్న మర్యాద అది. హైదరాబాద్ నుండి ఢిల్లీ దాకా ఇండిగోలో వెళ్లి అక్కడ విమానం మారదామనుకుంటే, ఇండిగో పెంపుడు జంతువులను ఎక్కించుకోదని గుర్తుంచుకోండి. క్యాబిన్‌లో అనుమతించే సంస్థలు కూడా ఒక్కో విమానంలో కొన్నిటినే ఎక్కించుకుంటాయి. అందుచేత ముందు ఫోను చేసి కుక్కకు చోటు ఉందని తేల్చుకుని, ఆ తరువాతే మీ టికెట్టు కొనండి. మానసిక ఊరట కోసమని డాక్టరు చీటీ తెచ్చి కుక్కను ఉచితంగా ఒళ్లో కూర్చోబెట్టుకునే ఉపాయం గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 జనవరి 11 నుండి అమెరికా రవాణా శాఖ నిబంధనల ప్రకారం అటువంటి కుక్కను విమానసంస్థలు సేవాశునకంగా పరిగణించనవసరం లేదు.

పెద్ద కుక్క అయితే కింద కార్గో అరలో రావలసిందే. అక్కడ గాలి ఆడదని, గడ్డకట్టే చలి అని మన వాళ్లలో ఒక భయం ఉంది. జంతువులను ఉంచే అరలో గాలి పీడనం, ఉష్ణోగ్రత రెండూ అదుపులో ఉంటాయి. అసలు ప్రమాదం నేల మీద, ఎండలో క్రేట్, అంటే కుక్కను ఉంచే పెట్టె, ఎదురుచూసే సమయంలో ఉంటుంది. అందుకే ఎండ 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దాటితే అమెరికా విమానసంస్థలు చాలావరకు జంతువులను తీసుకోవు. మన ఊళ్లలో మార్చి నుండి జూన్ దాకా పగటిపూట ఈ హద్దు లోపల ఉండే రోజు దొరకదు కనుక అర్ధరాత్రి విమానమే మేలు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు కుక్కలను, పర్షియన్ పిల్లులను చాలా సంస్థలు కార్గోలో అసలు ఎక్కించుకోవు. వాటికి ఊపిరి తీసుకోవడమే కష్టం, భయపడితే మరీ కష్టం. మీ ఇంట్లో పగ్ ఉండి అది సంచితో కలిపి ఎనిమిది కిలోలు దాటితే, ముందు దాని తిండి తగ్గించే సంగతి వైద్యుడితో మాట్లాడండి.

క్రేట్ కొలత విషయంలో దుకాణదారు మాట మీద ఆధారపడవద్దు, టేపు తీసుకుని మీరే కొలవండి. అంతర్జాతీయ విమానసంస్థల సంఘం ఐయాటా చెప్పే లెక్క ఇది: ముక్కు కొన నుండి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు, నేల నుండి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు వస్తుంది. భుజాల వెడల్పుకు రెట్టింపు క్రేట్ వెడల్పు. నిలబడినప్పుడు తల, చెవులలో ఏది పైకి ఉంటే అక్కడి దాకా ఉన్న ఎత్తుకు పరుపు మందం కలిపితే క్రేట్ ఎత్తు. పై భాగాన్ని, కింది భాగాన్ని కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప బోల్టులు బిగించండి. నీళ్ల గిన్నె తలుపు తెరవకుండా బయటి నుండి నింపే వీలుండాలి. మా చెల్లెలి భర్త ముందురోజు రాత్రి ఆ గిన్నెను ఫ్రీజరులో పెట్టి నీటిని గడ్డకట్టించారు, విమానం ఎక్కించేటప్పుడు ఒలకకుండా ఉండి తరువాత నెమ్మదిగా కరుగుతుందని. లోపల మా అమ్మ పాత నూలు చీర మడిచి వేశారు. రెండు నెలల ముందు నుండి ఆ క్రేట్‌ను హాల్లో తలుపు తెరిచి ఉంచి, అన్నం అందులోనే పెట్టడం వల్ల, ప్రయాణం రోజున చిట్టి పిలవకుండానే లోపలికి వెళ్లి పడుకుందట.

మత్తుమందు మాత్రం ఇవ్వకండి. నిద్రపుచ్చితే భయపడదు కదా అని ప్రేమతోనే అడుగుతారు గాని, మత్తులో ఉన్న జంతువుకు రక్తపోటు పడిపోవచ్చు, క్రేట్ కదిలినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేదు. మత్తు ఇచ్చినట్లు తెలిస్తే విమానసంస్థ ఎక్కించుకోదు.

పిల్లి ఉన్నవారికి శుభవార్త. సీడీసీ పిల్లులకు రేబీస్ టీకా ధ్రువపత్రం అడగదు, టైటర్ అడగదు, ఆ ఆరు విమానాశ్రయాల నిబంధన కూడా వాటికి లేదు. ఆరోగ్యంగా కనిపిస్తే చాలు. అయితే రాష్ట్రాల నియమాలు వేరు, విమానసంస్థల నియమాలు వేరు, హవాయి నియమాలు మరీ వేరు, కనుక టీకా వేయించుకునే రండి. పిల్లితో అసలు పరీక్ష భద్రతా తనిఖీ దగ్గర ఎదురవుతుంది. సంచి ఎక్స్‌రే యంత్రంలోకి పోవాలి, పిల్లి మీ చేతుల్లో ఉండాలి. సియాటిల్ వెళ్తూ మా పిల్లిని ఇలాగే బయటికి తీశాను. పక్క వరుసలో ఎవరో ట్రేను దబ్బున పడేశారు. మరుక్షణం అది నా భుజం మీదుగా వీపు మీదికి ఎక్కి గోళ్లు దించింది. ఒంటికి పట్టీ, దానికి తాడు ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఆ విమానాశ్రయమంతా వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. అప్పటి నుండి వేరే గదిలో తనిఖీ చేయమని అడుగుతున్నాను. అడిగితే తలుపు వేసిన గది ఇస్తారు.

ఇక్కడ స్థిరపడ్డాక కుక్కతో ఇండియా వెళ్లి రావాలనుకునేవారికి ఒక ముఖ్యమైన మాట. అమెరికాలో వేసిన టీకాకు సంబంధించిన సీడీసీ ధ్రువపత్రంపై ఇక్కడి వ్యవసాయ శాఖ ఆమోదాన్ని బయలుదేరక ముందే తీసుకోవాలి. అది ఉంటే తిరుగు ప్రయాణంలో టైటర్, సంరక్షణ కేంద్రం బెడద ఉండదు. ఇండియాలో దిగాక గుర్తొస్తే ప్రయోజనం లేదు.

ఇంత చెప్పిన తరువాత కూడా, రెండేళ్ల ఎంఎస్ చదువుకు వచ్చే విద్యార్థులు అడిగితే కుక్కను ఇంటి దగ్గరే ఉంచి రమ్మంటాను. నలుగురు కలిసి ఉండే గదిలో, పొద్దున్నే బస్సెక్కి రాత్రికి తిరిగి వచ్చే జీవితంలో దానికి తోడు ఎవరూ ఉండరు. కుటుంబంతో వచ్చేవారు కూడా కుక్క కోసం రూపాయి ఖర్చు పెట్టకముందే అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోను చేయండి. చాలాచోట్ల కుక్కకు వేరుగా డిపాజిట్, నెలనెలా అద్దె ఉంటాయి. రాట్‌వైలర్, పిట్‌బుల్, డాబర్‌మన్, కొన్నిచోట్ల జర్మన్ షెపర్డ్ కూడా వద్దంటారు. చిట్టిది ఏ జాతి అని ఆఫీసులో అడిగితే మా చెల్లెలు పది నిమిషాలు తంటాలు పడిందట. అది బెంజ్ సర్కిల్ దగ్గర వానలో తడుస్తూ దొరికిన వీధికుక్క. చివరికి అట్లాంటా వైద్యుడు రాసిన కాగితం చూపించింది. అందులో జాతి అన్న గడిలో "మిక్స్‌డ్" అని ఉంది, వద్దన్న జాబితాలో ఆ మాట లేదు.